విమానానికి ఆశ్రయం దొరికింది (వాడకట్టు పాఠాలు – 19)



పోయిన భాగంలో ఔటర్ రింగ్ రోడ్డు గురించి రాస్తూ చివర్లో శంషాబాద్ మాట ఎత్తి వదిలేశాను. అంతమాత్రానికే కొందరికి కోపమొచ్చింది. "మీకు అన్నిట్లో కులమే కనిపిస్తదా సార్? ఎయిర్‌పోర్టుకు కూడా కులముంటదా?" అని ఒక పెద్దమనిషి అడిగాడు. ఉంటుంది సార్. ఇవ్వాళ ఆ ముచ్చటే. కొంచెం పొడుగు, ఓపిక పట్టి చదవండి.

విమానాశ్రయం అనే మాట ఎవరు పుట్టించారో గానీ భలే నిజాయితీ గల మాట. సమాసాలు విడగొట్టడం నాకు జీతమొచ్చే పని కాబట్టి విడగొట్టి చెబుతున్నా: విమానముల యొక్క ఆశ్రయం. షష్ఠీ తత్పురుష. విమానానికి ఆశ్రయం ఇస్తామన్నారు, ఇచ్చారు. మనిషికి ఇస్తామని ఆ మాటలో ఎక్కడా లేదు. మనమే లేనిపోని ఆశలు పెట్టుకున్నాం.

ముందు గొప్పలు చెప్పేస్తాను, లేకపోతే "మంచి చెప్పలేదు" అని మళ్లీ వస్తారు. 2008 మార్చి 23న శంషాబాద్‌లో రాకపోకలు మొదలయ్యాయి. దాదాపు 5,500 ఎకరాలు. 4,260 మీటర్ల రన్‌వే, ప్రపంచంలో అతిపెద్ద ప్రయాణికుల విమానం కూడా దిగగలదు. ఏడాదికి 1.2 కోట్ల మంది ప్రయాణికుల లెక్కతో మొదలుపెట్టిన టెర్మినల్ చాలక 3.4 కోట్ల మందికి సరిపడా పెంచారు. 2023-24లో రెండున్నర కోట్ల మంది వచ్చిపోయారు. హైదరాబాద్ మందుల కంపెనీల సరుకు కోసం చల్లటి గోడౌన్లతో ప్రత్యేక ఏర్పాటుంది. 2021 జనవరిలో కోవాక్సిన్ పెట్టెలు దేశమంతా పోయింది ఇక్కడి నుంచే. పక్కన ఆదిభట్లలో టాటా–బోయింగ్ ఫ్యాక్టరీ అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేస్తుంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల ఫ్లైఓవర్ ఈ ఎయిర్‌పోర్టుకు పోయేవాళ్ల కోసమే వేశారు. ఇవన్నీ నిజాలే. హైటెక్ సిటీ, జీనోమ్ వ్యాలీ, శంషాబాద్ – ఈ మూడూ లేకపోతే ఇవ్వాళ్టి హైదరాబాద్ లేదు. ఒప్పుకున్నాను. ఇప్పుడు నా ప్రశ్న నన్ను అడగనివ్వండి. ఈ సంపద ఏ దారిన వచ్చింది, ఏ గడప ముందు ఆగింది?

దీనికి ముందు బేగంపేట ఉండేది. నిజాం కాలపు విమానాశ్రయం. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ అక్కడి నుంచే నడిచింది. 1953లో విమాన సంస్థల్ని జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. (2022 జనవరిలో ఎయిరిండియా మళ్లీ టాటాల చేతికే పోయింది. చక్రం తిరిగినట్టే తిరిగింది. మధ్యలో రిజర్వేషన్ల మీద లోపలికొచ్చిన మనవాళ్ల ఒకటి రెండు తరాలు మాత్రం ఆ చక్రంలో పట్టలేదు.) జాతీయం కావడమంటే జాతికి దక్కడం అని పుస్తకాల్లో రాస్తాం. మన వాడలకు దాని అర్థం ఇంకొకటి: రోస్టర్ రిజిస్టర్. బేగంపేటను ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నడిపింది, అది ప్రభుత్వ సంస్థ. గుమాస్తా నుంచి ఇంజినీరు దాకా ఎస్సీ, ఎస్టీ పోస్టు అంటూ ఒకటి ఉండేది. నిండిందా, బ్యాక్‌లాగ్ పెట్టారా అన్నది వేరే గొడవ. కనీసం గొడవ పడటానికి ఒక రిజిస్టర్ ఉండేది.

2008 మార్చి రెండోవారంలో బేగంపేట, బెంగళూరు పాత ఎయిర్‌పోర్టుల మూసివేతకు వ్యతిరేకంగా అథారిటీ ఉద్యోగులు దేశమంతటా సమ్మె చేశారు. గుర్తుందా? పేపర్లు ప్రయాణికుల అవస్థల ఫొటోలు వేశాయి. ఒక రిజిస్టర్ మూతపడుతోందన్న సంగతి ఎవరికీ వార్త కాలేదు. రెండు మూడు రోజుల్లో సమ్మె ముగిసింది. మార్చి 14న సోనియా గాంధీ శంషాబాద్‌ను ప్రారంభించారు. జనానికి మూసేసిన ఆ బేగంపేట ముఖ్యమంత్రులకూ ప్రత్యేక విమానాలవాళ్లకూ ఇప్పటికీ తెరిచే ఉంది. మూత ఎవరికో, తెరవడం ఎవరికో మీరే చూసుకోండి.

ఇక భూమి.

1990ల చివర్లో బొంగ్లూరు, నాదర్‌గుల్, శంషాబాద్ అని మూడు చోట్లు చూసి, హైవే, రైలు రెండూ దగ్గరని శంషాబాద్‌ను ఖాయం చేశారు. మామిడిపల్లి, గొల్లపల్లి వైపు భూములు పోయాయి. "నేనే తెచ్చాను" అని ఒక నాయకుడి మనుషులు, "మా నాయకుడే కట్టాడు" అని ఇంకో నాయకుడి మనుషులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఆ కొట్లాటలో భూమి ఎవరిచ్చారన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు.

భూసేకరణ గురించి మాట్లాడేటప్పుడు అందరూ "రైతులు" అంటారు. ఆ ఒక్క మాటలో రెండు రకాల మనుషులున్నారు. ఒకరు పట్టాదారు. రెండోవారు అసైన్డ్‌దారు. తెలంగాణలో మన తాతలకు లావుణీ పట్టా అంటే తెలుసు. 1950 లావుణీ నిబంధనల నుంచి, 1958 తర్వాత కొత్త జీవోల కింద, భూమిలేని వాళ్లకు ఎకరమో రెండెకరాలో ఇచ్చారు. గుట్ట పక్కన, రాళ్లలో, నీళ్లు పారని చోట. మా తాత ట్రంకుపెట్టెలో అలాంటి కాగితం ఒకటి ఉండేది. దున్నుకో, తిను, అమ్మకు. ఆ కాగితం సారాంశం అదే. 1977లో వచ్చిన 9వ నంబరు చట్టం ఆ మూడో మాటను చట్టం చేసింది. అసైన్డ్ భూమిని అమ్మితే అమ్మకం చెల్లదు. మంచి ఉద్దేశంతో చేసిన చట్టమే, పేదోడి భూమిని దొర తాగుడు బాకీ కింద రాయించుకోకుండా. నేను దాన్ని తప్పు పట్టను.

కానీ ఆ చట్టం ఉన్న ఊళ్లోకి ఎయిర్‌పోర్టు వస్తే ఏమవుతుందో లెక్కేయండి. గట్టుకు అటు పట్టా భూమి, ఇటు అసైన్డ్ భూమి. అటు ఎకరం లక్షల నుంచి కోట్లకు పోతుంది. ఇటు ఎకరం ధర సున్నా, ఎందుకంటే అమ్మరాదు. పెళ్లికో ఆసుపత్రికో తెల్లకాగితం మీద సంతకం పెట్టి పదో పరకో తీసుకుంటే, రేపు తహసీల్దారు వచ్చి "నిబంధన ఉల్లంఘించావు" అని భూమిని ప్రభుత్వానికి రాసుకుంటాడు. ప్రభుత్వానికి వచ్చిన భూమి తర్వాత పరిశ్రమకు పోతుంది. రక్షించే చట్టం, గుంజుకునే చట్టం రెండూ ఒకటే. ఎవరు చదువుతున్నారన్నదాన్ని బట్టి మారుతుంది, అంతే.

ప్రభుత్వమే నేరుగా తీసుకుంటే? పట్టాదారుకు ఇచ్చేది నష్టపరిహారం, అది హక్కు. అసైన్డ్‌దారుకు చాలాకాలం ఇచ్చింది ఎక్స్‌గ్రేషియా, అంటే దయ. మీ భూమే కాదు, మేమిచ్చిందే, మేం తీసుకుంటున్నాం, ఏదో జాలిపడి ఇస్తున్నాం అని. చివరికి 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అదీ మన రంగారెడ్డి జిల్లా చేవెళ్ల డివిజన్ కేసులోనే, అసైన్డ్‌దారుకు కూడా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాల్సిందేనని తేల్చింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఒప్పందం మీద సంతకాలయ్యిందీ 2004లోనే, డిసెంబర్ 20న. తీర్పు వచ్చింది గదా అని సంబరపడకండి. తీర్పును అమలు చేయించుకోవాలంటే వకీలు కావాలి, వకీలుకు ఫీజు కావాలి, ఫీజుకు భూమి అమ్మాలి. అసైన్డ్ భూమి అమ్మరాదు.

ఎస్సీ, ఎస్టీల భూములకు ప్రత్యేక రక్షణలున్న కొత్త భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికి శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలై ఆరేళ్లు. 2014లోనే కొత్త రాష్ట్రంలో భూమిలేని దళిత కుటుంబానికి మూడెకరాలు అన్నారు. అది ఎందుకు నత్తనడక నడిచిందంటే అధికారులు చెప్పిన జవాబు: భూమి దొరకట్లేదు. 5,500ని మూడుతో భాగించండి. 1,833 కుటుంబాలు. దొరకాలనుకుంటే భూమి దొరుకుతుంది, అదీ ఒక్కచోటే, ఒక్క చెక్కగా.

ఇప్పుడు ఒప్పందం సంగతి. జీఎంఆర్ వాటా 63 శాతం, మలేషియా ఎయిర్‌పోర్ట్స్ సంస్థది 11 (తర్వాత అదీ జీఎంఆర్ కొనేసింది, కాబట్టి ఇప్పుడు 74), రాష్ట్ర ప్రభుత్వం 13, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 13. భూమి రాష్ట్ర ప్రభుత్వం లీజుకిచ్చింది. భూమి ఇచ్చి ఊరుకోలేదు. 107 కోట్లు గ్రాంటు ఇచ్చింది. 315 కోట్లు వడ్డీ లేని అప్పు ఇచ్చింది. కేంద్రానికి కట్టాల్సిన ఫీజు ఆదాయంలో 4 శాతం, అదీ మొదటి పదేళ్లది వాయిదా. 150 కిలోమీటర్ల లోపల 25 ఏళ్లపాటు ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదన్న షరతు కూడా ఇచ్చింది. ఒప్పందం 30 ఏళ్లు, ఆపై ఇంకో 30 పొడిగించి 2068 దాకా చేశారు. 2068 నాటికి నేను ఉండను. నా విద్యార్థులు రిటైరై ఉంటారు.

వడ్డీ లేని అప్పు అన్నాను కదా. ఎస్సీ కార్పొరేషన్ గుమ్మం తొక్కినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. లక్ష రూపాయల యూనిట్ కోసం కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, రేషన్ కార్డు జిరాక్స్, అన్నిటికీ మించి బ్యాంకు కాన్సెంట్ లెటర్. బ్యాంకు మేనేజరు రమ్మన్న రోజు ఉండడు, ఉన్న రోజు రమ్మనడు. సబ్సిడీ మంజూరైనా కాన్సెంట్ రాక ఆగిపోయిన ఫైళ్లు ఎన్నో. అదే రాష్ట్రం, అదే ఖజానా, అటు 315 కోట్లు వడ్డీ లేకుండా వెళ్లాయి. దీన్ని వాళ్లు ప్రోత్సాహకం అంటారు. మనకిచ్చేదాన్ని ఉచితం అంటారు. ఒక భాషలో రెండు మాటలు ఊరికే ఉండవని సాహిత్యం చదివినవాడిగా నాకు తెలుసు.

ఇంకొక లెక్క. ఎయిర్‌పోర్టు ఆదాయం రెండు రకాలు. విమానం దిగినందుకు, ప్రయాణికుడు నడిచినందుకు వచ్చేది ఒకటి. షాపులు, పార్కింగు, ప్రకటనల బోర్డుల మీద వచ్చేది ఇంకోటి. 2016 పౌర విమానయాన విధానం ప్రకారం, రెండో రకం ఆదాయంలో 30 శాతమే లెక్కలోకి తీసుకుని ప్రయాణికుడి మీద భారం తగ్గిస్తారు. మిగిలిన 70 నిర్వాహకుడిదే. అంటే మన భూమి మీద పెట్టిన కాఫీ షాపు అద్దెలో పెద్ద ముక్క అటు పోతుంది. టెర్మినల్ పెంచిన ఖర్చు టికెట్‌లో మన దగ్గరికొస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు దేశం లోపలికి 480, విదేశాలకు 700 రూపాయలు చేశారు. అప్పుడు డల్లాస్ పోయిన సాఫ్ట్‌వేర్ బాబుకూ 700, మస్కట్‌లో ఒంటెలు కాయడానికి పోయిన జగిత్యాల మనిషికీ 700. సమానత్వం ఎంత బాగా అమలైందో చూడండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. టెర్మినల్ లోపలికి నాతో నడవండి.

గేటు దగ్గర మీ గుర్తింపు కార్డు చూసేది సీఐఎస్‌ఎఫ్ జవాను. కేంద్ర బలగం. ఆ ఉద్యోగంలో రిజర్వేషన్ ఉంది. చెకిన్ కౌంటర్‌లో నవ్వే అమ్మాయి ఎయిర్‌లైన్స్ మనిషి. రిజర్వేషన్ లేదు. ఇమ్మిగ్రేషన్‌లో పాస్‌పోర్టు మీద ముద్ర వేసేది ప్రభుత్వం, ఉంది. ముద్ర పడ్డాక కనిపించే సెంటు షాపు, సూట్‌కేసు షాపు, మూడొందల రూపాయల దోసె కొట్టు – లేదు, లేదు, లేదు. కస్టమ్స్ ఉంది. సామాను ఎక్కించే చేయి లేదు. పైన కంట్రోల్ టవర్‌లో కూర్చుని ఏ విమానం ఎప్పుడు దిగాలో, ఎంత ఎత్తులో ఆగాలో చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్? ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగి. రిజర్వేషన్ ఉంది.

ఇక్కడ ఆగండి. మెరిట్ మెరిట్ అని మన మొహం మీద కొట్టేవాళ్లందరినీ ఇక్కడే నిలబెట్టి అడగాలి. రెండు వందల ప్రాణాలతో మేఘంలోంచి దిగుతున్న విమానాన్ని నేల మీదకు తెచ్చే గొంతు రిజర్వేషన్‌లో వచ్చింది కావచ్చు. ఇన్నేళ్లుగా దింపుతూనే ఉంది. సంచిలో తుపాకి ఉందో లేదో ఎక్స్‌రే తెర మీద చూసే కళ్లు రిజర్వేషన్‌లో వచ్చినవి కావచ్చు. ప్రాణం పోయే చోట రిజర్వేషన్ పనికొస్తుంది. కాఫీ కలిపే చోట, సెంటు అమ్మే చోట, టికెట్ చూసే చోట మాత్రం మెరిట్ పాడైపోతుంది! ఒకే కప్పు కింద రెండు రాజ్యాంగాలు నడుస్తున్నాయి. గీత ఎక్కడుందో నేల మీద కనపడదు, యూనిఫాం రంగు చూస్తే తెలుస్తుంది.

మూడో రంగు ఒకటుంది, దాన్ని మీరెవరూ చూడరు. తడిగుడ్డ, మాప్, "తడి నేల" అని రాసిన పసుపు బోర్డు. అక్కడికి వచ్చేసరికి జీవో అక్కరలేదు, రోస్టర్ అక్కరలేదు. మన దేశంలో ఏ అంతర్జాతీయ విమానాశ్రయంలోనైనా టాయిలెట్లు కడిగేవాళ్ల ఇంటిపేర్లు రాసుకోండి, వాడల జాబితా తయారవుతుంది. చట్టంలో లేని రిజర్వేషన్ అక్కడ నూటికి నూరు శాతానికి దగ్గరగా అమలవుతుంది. కాంట్రాక్టు మారినప్పుడల్లా సర్వీసు మళ్లీ ఒకటో రోజు నుంచి.

ఈ పని గురించి ఒక కథ ఉంది. మన పిల్లలకు చెప్పాల్సిన కథ. 1976 డిసెంబర్‌లో కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది: భవనాలు ఊడ్చడం, తుడవడం, కాపలా పనుల్లో కాంట్రాక్టు కూలీల్ని పెట్టకూడదు. బొంబాయిలో ఎయిరిండియా భవనాలు ఊడ్చే కార్మికులు ఆ కాగితం పట్టుకుని కోర్టుకెక్కారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1996 నవంబర్‌లో, సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన నిలబడింది. కాంట్రాక్టు రద్దయితే ఆ పని చేస్తున్నవాళ్లు అసలు యజమాని ఉద్యోగులు కావాల్సిందే అన్నది. ఆ తీర్పు రాసింది జస్టిస్ కె. రామస్వామి. మన తెలుగు నేల నుంచి వెళ్లిన దళిత న్యాయమూర్తి. ఏజెన్సీ భూముల మీద సమత తీర్పు రాసింది కూడా ఆయనే. ఊడ్చేవాళ్ల కేసు ఊడ్చేవాళ్ల కష్టం తెలిసిన ఇంటి నుంచి వచ్చిన మనిషి ముందుకు పోయింది, తీర్పు అలా వచ్చింది. ఐదేళ్లు కూడా నిలవనివ్వలేదు. 2001 ఆగస్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం స్టీల్ అథారిటీ కేసులో దాన్ని కొట్టేసింది. కాంట్రాక్టు రద్దయినంత మాత్రాన కార్మికుడు దానంతటదే ఉద్యోగి కాడు అన్నది. శంషాబాద్ లాంటివి కట్టడం మొదలయ్యేనాటికి దారి శుభ్రంగా ఊడ్చి పెట్టి ఉంది.

26 శాతం వాటా ఉన్న ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి? కంపెనీ చట్టం తెలిసినవాళ్లను అడగండి. ముఖ్యమైన ప్రత్యేక తీర్మానాలకు నాలుగింట మూడొంతుల మద్దతు కావాలి. అంటే 26 శాతం ఉన్నవాడు "కాదు" అంటే ఆగుతుంది. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు. అంత బలం చేతిలో పెట్టుకుని కూర్చున్న రెండు ప్రభుత్వాల ఒప్పందంలో 150 కిలోమీటర్ల షరతు కనిపించింది, పన్నుల మాట, పొడిగింపు మాట కనిపించాయి. రోస్టర్ అన్న మాట మాత్రం నాకు కనపడలేదు. ప్రైవేటులో రిజర్వేషన్ కుదరదు, రాజ్యాంగం ఒప్పుకోదు అంటారు. 93వ సవరణతో ప్రైవేటు కాలేజీ సీట్లలోకి ప్రత్యేక ఏర్పాటు ఎట్లా వచ్చింది? 2019లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకు అని చట్టం ఎట్లా చేశారు? ప్రాంతం పేరు చెప్పి ప్రైవేటు గోడ దూకొచ్చు. కులం పేరు చెబితేనే గోడకు విద్యుత్ తీగలు మొలుస్తాయి.

నా క్లాసులో ఒక పిల్లవాడు మొదటి పీరియడ్ అంతా నిద్రపోతాడు. "ఏందిరా తమ్మీ?" అంటే "నైట్ షిఫ్ట్ సార్" అన్నాడు. ఎయిర్‌పోర్టు రోడ్డులో ఒక గోడౌన్‌లో పెట్టెలు సర్దుతాడు. ఇంట్లో మాత్రం ఎయిర్‌పోర్టులో జాబ్ అని చెప్పుకున్నాడట, వాళ్లమ్మ వాడంతా చెప్పింది. ఆ పిల్లవాడికి ఇరవై ఏళ్లు. రాత్రంతా నెత్తి మీద విమానాలు పోతుంటాయి, ఒక్కసారి కూడా ఎక్కలేదు. పొద్దున వచ్చి నా దగ్గర గబ్బిలం పాఠం వింటాడు, వింటూ నిద్రపోతాడు. కాళిదాసు యక్షుడు విరహం చెప్పుకోవడానికి మేఘాన్ని పంపాడు. జాషువా కథానాయకుడు ఆకలి, అంటరానితనం చెప్పుకోవడానికి శివుడి దగ్గరికి గబ్బిలాన్ని పంపాడు, ఎందుకంటే గుడిలోకి తనకు లేని ప్రవేశం దానికుంది. 1941 నాటి కావ్యం. ఈ పిల్లవాడికి దాన్ని వివరించాల్సిన అవసరం నాకు పెద్దగా పడదు.

గల్ఫ్ మాట చెప్పకుండా శంషాబాద్ కథ పూర్తి కాదు. ఆర్థిక పాత్ర అంటే అందరూ ఐటీ, ఫార్మా లెక్కలే చెబుతారు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ఇళ్ల మీద స్లాబులు ఏ పైసలతో పడ్డాయో చెప్పరు. 1983 వలసల చట్టం కింద పదో తరగతి పాసుకాని మనిషి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. రక్షణ కోసమే అంటారు. 2018 జనవరిలో వాళ్లకు నారింజ రంగు అట్టతో వేరే పాస్‌పోర్టు ఇస్తామని కేంద్రం ప్రకటించింది. చదువు లేనోడిని పాస్‌పోర్టు రంగు చూసే దూరం నుంచి గుర్తుపట్టొచ్చన్నమాట. వెనకటికి మెడలో ముంత, నడుముకు చీపురు కట్టించినవాళ్ల వారసులకు రాకపోతే ఇంకెవరికొస్తుంది ఈ ఆలోచన? గోల జరిగి ఆ నెలలోనే వెనక్కి తీసుకున్నారు.

వాళ్లలో కొందరు పోయిన గేటు నుంచి తిరిగి రారు. డిపార్చర్ గేటులోంచి పోతారు, కార్గో గేటులోంచి వస్తారు. పెట్టె మీద నంబరుంటుంది, బరువు రాసి ఉంటుంది. మందుల పెట్టెల గురించి అంత గొప్పగా చెప్పుకునే అదే కార్గో. బయట అంబులెన్సు పక్కన చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ తల్లి ఏ ఆర్థిక సర్వేలోనూ లేదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షలు ప్రకటించింది. ఎక్స్‌గ్రేషియా. ఆ మాటే మళ్లీ.

ఈ ఎయిర్‌పోర్టు మీద మన నాయకులకు వచ్చిన పెద్ద గొడవ దేనికో తెలుసా? పేరుకు. 2014 నవంబర్‌లో దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు అని కేంద్రం అంటే, తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. రాజ్యసభ ఆగింది. రాజీవ్ గాంధీ ఉండాలా, ఎన్టీఆర్ ఉండాలా, కొమురం భీమ్ పెట్టాలా. మనవాళ్లు కూడా అంబేడ్కర్ పేరు అడగాలని కొందరు అంటున్నారు. నాగ్‌పూర్ ఎయిర్‌పోర్టుకు బాబాసాహెబ్ పేరే ఉంది. అయోధ్యలో 2023 డిసెంబర్‌లో వాల్మీకి పేరు పెట్టారు. ఉత్తరాదిన పాకీపని చేయించబడ్డ కులం తమ గురువుగా కొలిచే వాల్మీకి పేరు గోపురం మీద, ఆ కులం మనుషులు చీపురుతో నేల మీద. బోర్డు మీద పేరు నాకు చేదు కాదు. మస్టర్ రోల్ మీద పేరు ముందు కావాలి. మన ఆర్టీసీ ఎయిర్‌పోర్టు బస్సు పేరు చూడండి, పుష్పక్. కుబేరుడిది రావణుడు గుంజుకుంటే, రాముడు ఎక్కాడు. ఎక్కినవాళ్ల పేర్లు రాశారు. ఊడ్చినవాళ్ల పేరు ఏ కవీ రాయలేదు. టెర్మినల్ ఊడ్చే అక్కలు ఆ బస్సు కూడా ఎక్కరు, టికెట్ గిట్టదు. ఆర్డినరీ బస్సులో దిగి షేర్ ఆటోలో పోతారు.

ఎడమ పక్క మిత్రులకు ఒక మాట. మీరు ఎయిర్‌పోర్టు అనగానే పచ్చని పొలాలు, చెరువు గట్టు, చల్లని పల్లె అని పాట అందుకుంటారు. ఆ పల్లెలో మేం ఊరి బయట ఉన్నాం. ఆ చెరువులో మాకు వేరే రేవుండేది. 1948లో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని ఎంత గట్టిగా తిట్టాడో చదవండి. పల్లె పోయిందని నేను ఏడవను. పల్లె పోయాక కూడా పల్లె పద్ధతే గాజు గోడల మధ్య నిలబడినందుకు నా కోపం. అదే అంబేడ్కర్ 1947లో స్టేట్స్ అండ్ మైనారిటీస్‌లో కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలో ఉండాలని రాశాడు. ప్రభుత్వ అదుపు నుంచి స్వేచ్ఛ అంటే ప్రైవేటు యజమాని నియంతృత్వమేనని వాదించాడు. ఆ పుస్తకాన్ని మన విగ్రహాల చేతిలో కూడా పెట్టరు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మామునూరు. వరంగల్ పక్కన నిజాం కాలపు ఎయిర్‌పోర్టును తిరిగి లేపుతున్నారు. 150 కిలోమీటర్ల షరతుకు జీఎంఆర్ అభ్యంతరం లేదన్నాక, 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఒప్పుకుంది. అంతకు ముందే 253 ఎకరాల సేకరణకు రాష్ట్రం 205 కోట్లు విడుదల చేసింది. అటు విజయనగరం జిల్లాలో భోగాపురం, అక్కడా జీఎంఆరే. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి, ఒకే ఎయిర్‌పోర్టుకు రెండు శంకుస్థాపనలు. రాళ్లకు లోటు లేదు. అక్కడి మన సంఘాలు పేరు కోసం ధర్నా చేసేముందు ఒప్పందం కాపీ అడగాలి. మామునూరును నడపబోయేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కాబట్టి అక్కడ రోస్టర్ మాట ఎత్తడానికి ఇంకా సందుంది. రేపు దాన్ని కూడా లీజుకిచ్చేముందే ఎత్తాలి. శుభ్రం చేసే పనివాళ్లను సంస్థే నేరుగా తీసుకోవాలని, కనీసం కాంట్రాక్టరు మారినా పాత సర్వీసు నిలబెట్టాలని రాతలో అడగాలి. టెర్మినల్ షాపుల్లో ఎస్సీ, ఎస్టీలకు కొన్ని కేటాయించమంటే నవ్వుతారు. పెట్రోల్ బంకుల కేటాయింపులో చేసింది టెర్మినల్‌లో చేయడానికి అడ్డమేమిటో వాళ్లనే చెప్పమనాలి. అసైన్డ్ భూమి పోయినవాళ్లకు డబ్బుతో పాటు అభివృద్ధి చేసిన స్థలంలో వాటా కావాలి. శంషాబాద్‌లో దాదాపు 1,500 ఎకరాలు ఎయిర్‌సిటీ వ్యాపారానికే ఉన్నప్పుడు, భూమి ఇచ్చినవాడికి అందులో రెండు గుంటలు ఎందుకు ఉండకూడదు?

మామునూరు, నక్కలపల్లి వైపు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక పని చేయండి. ట్రంకుపెట్టెల్లో ఉన్న లావుణీ కాగితాలు బయటికి తీసి ఫొటోలు తీయండి. పాత పహాణీ నకళ్లు తీసి పెట్టుకోండి, తర్వాత దొరకవు. తెల్లకాగితం మీద ఎవరు సంతకం అడిగినా పెట్టకండి, సొంత మేనమామ అడిగినా సరే. గ్రామసభ పెడితే తీర్మానం చదివి వినిపించమనండి, చదివాకే వేలిముద్ర. వచ్చే ఆదివారం భాగంలో ఎక్స్‌గ్రేషియాకూ పరిహారానికీ దరఖాస్తు భాషలో తేడా ఎట్లా రాయాలో నమూనాతో సహా పెడతాను.

జై భీమ్.